పాప ఊపిరితిత్తుల సిరలకు రెండో ఆపరేషన్ – నా అనుభవం

మా పాపకు పుట్టు గుండెజబ్బు. నెల తిరిగేలోపే హైదరాబాద్‌లో ఆపరేషన్ జరిగింది, బాగానే కోలుకుంది. కొద్ది నెలలకే, సరిచేసిన ఊపిరితిత్తుల సిరలు సన్నబడిపోయాయని తేలింది. రెండోసారి ఛాతీ తెరిచారు. మొదటి ఆపరేషన్ గురించి చెప్పేవాళ్లు ఆసుపత్రి వరండాలో చాలామందే ఉన్నారు. రెండోదాని సంగతికొచ్చేసరికి ఆ జబ్బు పేరు విన్నవాళ్లే మాకు కనిపించలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాను, ఖమ్మంలో ఒక బట్టల షాపులో లెక్కలు చూసేదాన్ని. ఇందులో ఉన్నది మా డాక్టర్లు ఓపిగ్గా చెప్పింది, మేం పడింది.

ముందు జబ్బు సంగతి. ఒక్కో ఊపిరితిత్తి నుంచి రెండేసి చొప్పున నాలుగు సిరలు మంచి రక్తాన్ని తెచ్చి గుండెలో ఎడమ పై గదిలో పోస్తాయి. మా పాపకు ఆ నాలుగూ గుండె వెనకాల ఒకచోట కలిసిపోయి, అక్కణ్ణుంచి ఇంకో నాళం గుండా పైకెక్కి, చెడు రక్తం వచ్చే కుడివైపుకే చేరుతున్నాయి. దీన్ని టీఏపీవీసీ అంటారు. ఇందులో రకాలున్నాయి. సిరలు పైకి కాకుండా కిందికి, కాలేయం వైపు దిగే రకమైతే దారిలోనే నొక్కుకుపోయి, పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. మాది పైకెక్కే రకం. పై గదుల మధ్య ఉన్న రంధ్రం గుండా కొంత రక్తం ఎడమవైపుకి దాటబట్టే పాప అన్ని రోజులు నిలబడింది. పాలు తాగుతూ తాగుతూ ఆగిపోయేది, నుదురంతా చెమట పట్టేది, పెదాలు కాస్త నల్లబడేవి. మా అత్తయ్య "పిల్ల చామనఛాయ, అందుకే అలా కనపడుతోంది" అనుకునేది. టీకాకి తీసుకెళ్లినప్పుడు వేలికి క్లిప్పు పెట్టి చూస్తే శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 84. అక్కడ్నుంచి అంతా పరుగే.

మొదటి ఆపరేషన్‌లో, నాలుగు సిరలూ కలిసిన చోటును ఎడమ పై గదికి కుట్టి, రంధ్రం మూసి, పైకెళ్లే నాళాన్ని కట్టేశారు. దాని గురించి ఎక్కువ రాయను. ఆరోగ్యశ్రీలో జరిగింది, పాప అనుకున్న సమయానికే ఇంటికి వచ్చింది. డిశ్చార్జి రోజు పిల్లల గుండె డాక్టర్ మేడమ్ చెప్పిన ఒక్క మాట మాత్రం ఇక్కడ ముఖ్యం. "కుట్టిన చోట గానీ సిరల్లో గానీ మళ్లీ సన్నబడే అవకాశం ఉంటుందమ్మా. వందలో పది, పదిహేను మందికి అవుతుంది. అయితే మొదటి ఆరు నెలలు, ఏడాదిలోపే ఎక్కువగా బయటపడుతుంది. ఎకో (గుండె స్కాన్) తేదీలు తప్పొద్దు" అన్నారు. ఆ మాట మా ఆయన ఫైలు అట్ట మీద రాసిపెట్టారు.

పాపకు నాలుగో నెల వచ్చాక దగ్గు మొదలైంది. జలుబు లేదు, జ్వరం లేదు. పడుకోబెడితే డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసేది, భుజాన వేసుకుంటే కాస్త నెమ్మదించేది. అంతకుముందు వారం వారం పెరిగిన బరువు నిలిచిపోయింది. మా ఊళ్లో ఒక పిల్లల డాక్టర్‌కి చూపిస్తే ఎక్స్‌రే తీయించి "రెండు పక్కలా నెమ్ము ఉంది" అని యాంటీబయాటిక్, నెబులైజర్ రాశారు. తగ్గలేదు. మందు మార్చారు. గుండె ఆపరేషన్ అయిన పిల్ల అని చెప్పినా, "ఆపరేషన్ అయిపోయిందిగా, ఇది వేరే" అన్నారు. నాకు ఇప్పటికీ ఆ మాట మీద కోపం ఉంది. సిరలు సన్నబడితే ఊపిరితిత్తుల్లోంచి రక్తం బయటికి పోలేక నీరు చేరుతుంది. తూము పూడిపోతే చేలో నీళ్లు నిలిచినట్టే. ఎక్స్‌రేలో ఆ నీరు తెల్లగా కనిపిస్తుంది, చూడ్డానికి నెమ్ములాగే ఉంటుంది. యాంటీబయాటిక్ ఎన్ని మార్చినా అది పోదు.

మాకు దారి చూపింది మా వీధి ఆశా కార్యకర్త. ఆవిడ పాపను నిద్రపోనిచ్చి, చొక్కా పైకి తీసి, ఫోన్‌లో నిమిషం పెట్టుకుని పొట్ట కదలికలు లెక్కపెట్టింది. 64 వచ్చింది. "రెండు నెలలు దాటిన పిల్లలకి 50 పైన ఉంటే వేగం కింద లెక్క అక్కా. జ్వరం లేకుండా ఇంత ఉందంటే మీ గుండె డాక్టర్‌కే చూపించండి, ఇక్కడ టైం పాడుచేసుకోవద్దు" అంది. ఆ రాత్రే కారు మాట్లాడుకుని బయల్దేరాం. సూర్యాపేట దాటేవరకూ పాప నా భుజం మీద నిటారుగానే ఉంది.

ఎకో గదిలో ఆ రోజు చాలాసేపు పట్టింది. మామూలుగా తెర మీద సిరల్లోంచి వచ్చే రక్తం ఒకే రంగులో సాఫీగా కనిపించేది. ఈసారి ఎడమవైపు రంగులన్నీ కలగలిసి చెదిరిపోయి ఉన్నాయి. సన్నటి చోటు నుంచి దూరేటప్పుడు రక్తం వేగం పెరుగుతుందట. సాఫీగా ఉన్న సిరలో వేగం సెకనుకు మీటరు లోపే ఉంటుంది. మా పాపకు ఎడమ పై సిరలో 2.3 మీటర్లు వచ్చింది. ఎడమ కింది సిరలో అసలు సరిగా పట్టుకోలేకపోయారు. కుడి పై సిరలో కొంచెం ఎక్కువ, కుడి కిందిది బాగుంది. ఊపిరితిత్తుల్లో బీపీ బాగా పెరిగిందని, గుండె కుడివైపు కష్టపడుతోందని కూడా చెప్పారు. మేడమ్ మమ్మల్ని కూర్చోబెట్టి జబ్బు పేరు చెప్పారు, పల్మనరీ వెయిన్ స్టెనోసిస్. నాకు ఆ క్షణంలో పేరు ఎక్కలేదు. "కుట్టు సరిగా వేయలేదా మేడమ్?" అని మా ఆయన అడిగారు. ఆ ప్రశ్నకు ఆవిడ నొచ్చుకోకుండా జవాబు చెప్పారు. కుట్టు ఎంత బాగా వేసినా కొందరు పిల్లల్లో సిర లోపలి పొర మందంగా పెరుగుతూ పోతుంది. కండలాంటి, నారలాంటి కణాలు అక్కడ చేరి దారిని మూసేస్తాయి. ఎవరికి అలా పెరుగుతుందో ముందే చెప్పే పరీక్ష లేదు. ఆపరేషన్ ఏదీ జరగని పిల్లల్లో కూడా, ముఖ్యంగా నెలలు నిండకుండా పుట్టి ఊపిరితిత్తులు దెబ్బతిన్న వాళ్లలో, ఇదే జబ్బు రావచ్చు.

మర్నాడు సీటీ తీశారు. నిద్రమందు ఇచ్చి, రంగు మందు ఎక్కించి తీసే ఆ స్కాన్ చూశాకే అసలు బొమ్మ తెలిసింది. ఇందులో రెండు రకాలుగా చూస్తారు. మొదటిసారి కుట్టిన చోట మాత్రమే బిగుసుకుంటే ఒక తీరు. సన్నబడటం అక్కడ ఆగకుండా సిర వెంట ఊపిరితిత్తి వైపు పాకితే అది ఇంకా కష్టమైన తీరు. ఎన్ని సిరలకు పట్టింది అన్నది కూడా పెద్ద తేడా. ఒకటి రెండు సిరలైతే మిగతావి భారం మోస్తాయి, నాలుగూ పోతుంటే పిల్లలకు ఊపిరే కష్టమవుతుంది. మా పాపకు కుట్టిన చోటూ బిగుసుకుంది, ఎడమవైపు రెండు సిరలూ గుండెలోకి తెరుచుకునే గుమ్మం దగ్గర కొంత దూరం సన్నబడ్డాయి. ఊపిరితిత్తి లోపల ఉన్న కొమ్మలు మాత్రం ఇంకా తెరిచే ఉన్నాయి. "లోపల దారి ఉంది కాబట్టి మనకి పని చేయడానికి వీలుంది. ఆలస్యం చేస్తే ఆ కొమ్మలు కూడా కుంచించుకుపోతాయి" అన్నారు సర్జన్ సార్.

బెలూన్ వేస్తే చాలదా అని అడిగాం. ఛాతీ మళ్లీ తెరవడం తప్పుతుందేమోనన్న ఆశ. తొడ దగ్గర నుంచి తీగ పంపి బెలూన్‌తో వెడల్పు చేయొచ్చు, స్టెంట్ కూడా పెట్టొచ్చు. కానీ ఇంత చిన్న పిల్లల్లో బెలూన్ తెరిచినచోటే వారాల్లో, నెలల్లో మళ్లీ మూసుకోవడం ఎక్కువట. స్టెంట్ లోపల కూడా అదే పొర పెరుగుతుంది, పైగా పాప ఎదుగుతుంటే ఆ చిన్న స్టెంట్ సరిపోదు. కుట్టిన చోటు కూడా బిగుసుకుంది కాబట్టి ముందు ఆపరేషన్, తర్వాత అవసరాన్ని బట్టి బెలూన్ అని వాళ్లు నలుగురైదుగురు కూర్చుని నిర్ణయించారు.

నాకు అప్పుడు వచ్చిన ఇంకో అనుమానం ఇక్కడ రాయాలి, ఎందుకంటే తర్వాత ఇంకో తల్లి నన్ను ఇదే అడిగింది. ఊపిరితిత్తుల్లో బీపీ ఉంటే సిల్డెనాఫిల్ ఇస్తారని పక్క బెడ్ వాళ్ల ఫైల్లో చూశాను. మా పాపకు ఎందుకివ్వడం లేదని అడిగాను. ఆ మందు ఊపిరితిత్తుల్లోకి పోయే నాళాలను వదులు చేసి రక్తం ఎక్కువ పంపుతుంది, బయటికి వచ్చే దారి మూసుకుని ఉండగా అది ఇస్తే లోపల నీరు ఇంకా పెరుగుతుంది, అందుకే ముందు దారి తెరవాలి అన్నారు. అప్పటిదాకా నీరు దిగడానికి ఫ్రూసెమైడ్, ఆక్సిజన్, పాలు ట్యూబు ద్వారా కొంచెం కొంచెంగా. పాలు పీల్చే కష్టం తప్పడంతో పాప మొహం కాస్త తేటపడింది.

ఆపరేషన్ గురించి సర్జన్ సార్ సీటీ కవరు వెనకాల పెన్నుతో బొమ్మ గీసి చెప్పారు. ఆ కవరు ఇప్పటికీ మా బీరువాలో ఉంది. పాత పద్ధతిలో సన్నబడిన ముక్కను కోసి, పైన అతుకు పెట్టి, సిర అంచులకే కుట్లు వేసేవాళ్లు. ఆ కుట్లు పడిన చోటే గాయం మానుతూ మళ్లీ మందం పెరిగి, సిర మళ్లీ మూసుకునేది. 1990ల్లో ఫ్రాన్స్‌లోనూ, కెనడాలోని టొరంటో సిక్ చిల్డ్రన్ ఆసుపత్రిలోనూ సర్జన్లు వేరే దారి పట్టారు. టొరంటో వాళ్లు 1998లో దాన్ని వైద్య పత్రికలో ప్రచురించారు. సూచర్‌లెస్ రిపేర్ అంటారు. కుట్లు అసలు ఉండవని కాదు, సిర అంచుల మీద కుట్టు పడదు. సన్నబడిన సిరను గుండె దగ్గర నుంచి ఊపిరితిత్తి వైపు, గోడ మెత్తగా దొరికేంతవరకు చీల్చి తెరిచి వదిలేస్తారు. లోపలి మందమైన పొర తీసేస్తారు. గుండె చుట్టూ సహజంగా ఒక సంచి ఉంటుంది కదా, పెరికార్డియం, ఎడమ పై గది అంచును తెచ్చి ఆ సంచికి, సిరల నోళ్లకు కాస్త దూరంగా చుట్టూ కుడతారు. అప్పుడు సిరలు తెరిచిన నోళ్లతో ఆ సంచి మడతలోకి రక్తాన్ని వదులుతాయి, అక్కణ్ణుంచి గుండెలోకి వెళ్తుంది.

"సిర కోసి అలా వదిలేస్తే రక్తం బయటికి కారిపోదా సార్?" అని అడిగాను. ఆ ప్రశ్నకు ఆయన చెప్పిన జవాబు నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. మొదటి ఆపరేషన్ తర్వాత గుండె, సంచి, చుట్టుపక్కల పొరలు అతుక్కుపోయి ఉంటాయి. రెండోసారి తెరిచేవాళ్లకు ఆ అతుకులు పెద్ద తలనొప్పి, విడదీసేటప్పుడు రక్తం పోతుంది. అయితే గుండె వెనకాల సిరల చుట్టూ ఉన్న అతుకులను మాత్రం కదపకుండా ఉంచేస్తారు. రక్తం ఛాతీలోకి కారకుండా అవే గోడగా నిలబడతాయి. ఈ పద్ధతిని ఇప్పుడు కొన్ని చోట్ల మొదటి ఆపరేషన్‌లోనే, సిరలు మరీ సన్నగా ఉన్న పిల్లలకు ముందుజాగ్రత్తగా వాడుతున్నారని కూడా చెప్పారు.

ప్రమాదాలు కూడా దాచలేదు. రక్తస్రావం. డయాఫ్రం అనే పొరను కదిలించే నరం ఆ సంచి పక్కనే పోతుంది, దానికి దెబ్బ తగిలితే పాపను వెంటిలేటర్ నుంచి తీయడం కష్టమవుతుంది. ఆపరేషన్ బాగా జరిగినా సిరల్లో ఊపిరితిత్తి వైపు ఆ పొర మళ్లీ పెరగొచ్చు. ప్రాణానికే ప్రమాదం రావచ్చు. మా అమ్మ ఆ చివరి మాట వినలేక బయటికి వెళ్లిపోయింది. మా ఆయన సంతకం పెట్టారు, నేనూ పెట్టాను.

ఆరోగ్యశ్రీ సంగతి చెప్పాలి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ పథకం లేకపోతే మాలాంటి వాళ్లకు మొదటి ఆపరేషనే లేదు. రెండోదానికి అనుమతి కోసం పాత డిశ్చార్జి సమ్మరీ, కొత్త ఎకో, సీటీ అన్నీ పంపాల్సి వచ్చింది. మొదటిసారి కాగితాలన్నీ తేదీల వారీగా ఫైల్లో పెట్టుకున్నాం కాబట్టి ఆరోగ్యమిత్ర (ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఉద్యోగి) అడిగినవన్నీ అక్కడికక్కడే ఇచ్చాం. మా పక్కన ఒకాయన పాత ఎకో రిపోర్టు కోసం మహబూబాబాద్ దాకా మనిషిని పంపాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ వాళ్లకు ఇంకో మాట. తిరుపతిలో టీటీడీ వాళ్ల శ్రీ పద్మావతి చిన్న పిల్లల గుండె ఆసుపత్రి 2021లో మొదలైంది. మాతో పాటు ఐసీయూ బయట ఉన్న ఒక నెల్లూరు కుటుంబం తమ పెద్దబాబుకి అక్కడ చేయించామని చెప్పారు.

రక్తం ఇవ్వడానికి మా ఆయన స్నేహితులు ఖమ్మం నుంచి రాత్రి బస్సెక్కి వచ్చారు. రెండోసారి ఆపరేషన్‌కి ఎక్కువ రక్తం కావాలి, ప్లేట్‌లెట్లు కూడా సిద్ధంగా ఉండాలి. వాళ్లలో ఇద్దరు అంతకుముందు ఎప్పుడూ సూది చూసినవాళ్లు కాదు. ఇచ్చేసి, మాతోపాటే నేల మీద పడుకున్నారు.

ఆపరేషన్ పొద్దున మొదలై సాయంత్రం దాటింది. ఛాతీ తెరవడానికే చాలాసేపు పట్టిందట, అతుకులు విడదీసి గుండె–ఊపిరితిత్తుల యంత్రానికి కలిపేసరికే మధ్యాహ్నం. మధ్యలో ఒక నర్స్ వచ్చి "మెషీన్ మీద పెట్టారు", తర్వాత "మెషీన్ నుంచి తీశారు" అని రెండే మాటలు చెప్పింది. ఆ రెండో మాట విన్నాకే నేను నీళ్లు తాగాను. సార్ బయటికి వచ్చినప్పుడు టోపీ తీయలేదు, మాస్క్ కిందికి లాగి నిలబడే చెప్పారు. ఎడమ సిరల లోపల తెల్లగా, గట్టిగా పొర పట్టి ఉంది, పై సిర పూర్తిగా తెరుచుకుంది, కింది సిర ఊపిరితిత్తి దాకా చీల్చాల్సి వచ్చింది, అది ఎలా ఉంటుందో చూడాలి, కుడివైపు సాఫీగా ఉంది. "ఊపిరితిత్తుల బీపీ సగానికి పైగా దిగిందమ్మా" అన్నారు. నాకు చేతులు జోడించడం తప్ప ఏమీ తోచలేదు.

ఐసీయూలో మొదటి రోజులు గండం. రొమ్ము ఎముక వెంటనే మూయలేదు, వాపు తగ్గాక మూశారు. తెరిచి ఉన్న ఛాతీ మీద పల్చటి పొర వేసి ఉంటుంది, దాని కింద కదలిక కనిపిస్తుంది. లోపలికి వెళ్లేముందు సిస్టర్ "అమ్మా, దుప్పటి కింద చూడొద్దు, పాప మొహం మాత్రమే చూడు" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. వెంటిలేటర్ గొట్టంలో నైట్రిక్ ఆక్సైడ్ అనే గ్యాస్ కలిపి ఇచ్చేవాళ్లు. గొంతులో కఫం తీస్తున్నప్పుడు ఒక్కోసారి ఊపిరితిత్తుల్లో బీపీ ఒక్కసారిగా ఎగబాకేది, శాచురేషన్ కళ్లముందే 70ల్లోకి పడిపోయేది. అందుకని కఫం తీసేముందు నిద్రమందు పెంచేవాళ్లు, ఇద్దరు ఉంటేనే చేసేవాళ్లు. దారి తెరుచుకున్నాక ఇప్పుడు సిల్డెనాఫిల్ మొదలుపెట్టారు. అల్ట్రాసౌండ్‌లో డయాఫ్రం రెండువైపులా కదులుతోందని చెప్పిన రోజు మా అమ్మ గుడిలో కొబ్బరికాయ కొట్టించింది.

నేను పాలు పిండి సీసాల మీద పేరు, టైము రాసి ఇచ్చేదాన్ని. మొదట్లో ట్యూబులో రెండు మిల్లీలీటర్లు మాత్రమే. ఆ ఐసీయూ రోజుల్లో ఒక తల్లి చేయగలిగిన పని ఏదైనా ఉందంటే అదే, దాన్ని ఎవరూ వదలొద్దని చెప్తాను. గొట్టం తీశాక పాప ఏడుపు బొంగురుగా, గాలిలాగా వచ్చింది. కొన్ని వారాలకు గొంతు వచ్చింది.

ఇంటికొచ్చాక అసలు పని మొదలైంది, దీని గురించి ముందుగా ఎవరూ ఇంతగా చెప్పలేదు. ఫ్రూసెమైడ్, సిల్డెనాఫిల్ మాకు మాత్రలుగానే దొరికేవి. మాత్రను నలిపి, కొలిచిన నీళ్లలో కలిపి, అందులోంచి సిరంజితో పాపకు సరిపడా తీసి పట్టాలి. మిగిలింది పారబోయాలి. ఏ మందుకు ఎన్ని మిల్లీలీటర్ల నీళ్లు, అందులో ఎంత తీయాలి అన్నది ఫార్మసిస్టుతో పెద్ద అక్షరాల్లో రాయించి వంటింటి గోడకు అంటించాను. ఒక్కో మందుకు ఒక్కో రంగు మూత ఉన్న సిరంజి పెట్టుకున్నాను. సిల్డెనాఫిల్ మగవాళ్ల లైంగిక సమస్యకు వాడే మందు కూడా, దాని కోసం మా ఊళ్లో మందుల షాపుకి వెళ్తే అక్కడి అబ్బాయి మా మామయ్యగారిని ఎగాదిగా చూశాడట. ఆయన చీటీ ముందు పెట్టి "నా మనవరాలికి, గుండెజబ్బు" అన్నారు. ఆ తర్వాత ఆ అబ్బాయే నెలనెలా ముందుగా తెప్పించి పెడుతున్నాడు.

గాయం పూర్తిగా మానాక సిరోలిమస్ మొదలుపెట్టారు. కిడ్నీ మార్పిడి వాళ్లకు ఇచ్చే మందు ఇది, గుండెలో వేసే కొన్ని స్టెంట్లకు పూత కూడా ఇదే. ఈస్టర్ ద్వీపం మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి దీన్ని తీశారని చదివి, ఎక్కడి మట్టి ఎక్కడి పిల్ల అనుకున్నాను. సిర లోపల కణాలు పెరగకుండా అదుపు చేస్తుందన్న ఆశతో ఈ జబ్బులో వాడుతున్నారు. అన్ని ఆసుపత్రుల్లోనూ ఒకే తీరు లేదు, మా డాక్టర్లు ఇదంతా విడమరిచి చెప్పి, మా ఒప్పుకోలు తీసుకున్నాకే ఇచ్చారు. గాయం మానడాన్ని ఆ మందు ఆలస్యం చేస్తుంది కాబట్టి ముందే ఇవ్వరు.

ఈ మందుతో టెన్షన్ ఎక్కువే. రక్తంలో అది ఎంత ఉందో తరచూ చూడాలి, పొద్దుటి డోసు వేయకముందే రక్తం తీయాలి. మొదట్లో పాపకు నోటిపూత వచ్చింది, పాలు పట్టడమే కష్టమైంది, డోసు తగ్గించాక పోయింది. మామూలు జ్వరానికి రాసే కొన్ని యాంటీబయాటిక్స్, ఫంగస్ మందులు దీంతో కలిస్తే రక్తంలో మందు శాతం బాగా పెరిగిపోతుంది. అందుకే బయట ఎవరు ఏ మందు రాసినా, వేసేముందు ఫోటో తీసి మా ఆసుపత్రి కోఆర్డినేటర్‌కి పంపుతాం. పంపర పనస లాంటి పండ్లు వద్దన్నారు. ఇంకోటి టీకాలు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందు కాబట్టి బతికున్న క్రిములతో చేసే టీకాలు ఇది వాడుతున్నప్పుడు వేయకూడదు. మనకు తొమ్మిది నెలలు నిండాక వేసే తట్టు–రుబెల్లా టీకా అలాంటిదే. పాపకు అది వాయిదా పడింది. ఏఎన్ఎమ్ సిస్టర్ ఇంటికి రెండుసార్లు వచ్చి "ఎందుకు వేయించలేదు" అని గట్టిగా అడిగితే, డాక్టర్ రాసిచ్చిన కాగితం చూపించాం. ఆవిడ దాన్ని టీకా కార్డుకే పిన్ను కొట్టి పెట్టింది. ఇంట్లో మిగతా వాళ్లందరికీ టీకాలు సరిచూసుకున్నాం, మా ఆడపడుచు పిల్లలకు బాకీ ఉన్నవి కూడా వేయించాం.

రెండో ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలకు ఎకోలో ఎడమ కింది సిర దగ్గర వేగం మళ్లీ పెరిగింది. సార్ ఆ రోజే భయపడినది అదే సిర. ఈసారి కాథ్ ల్యాబ్‌లో (తీగ పంపి చికిత్స చేసే గది) బెలూన్ వేశారు. ఛాతీ తెరవలేదు, మర్నాడే పాలు తాగింది. మళ్లీ వేయాల్సి రావచ్చని ముందే చెప్పారు. బయటి దేశాల్లో ఈ జబ్బు ఎక్కువగా చూసే కేంద్రాల్లో కూడా సర్జరీ, బెలూన్, మందు మూడూ కలిపి, తరచూ చూసుకుంటూ నడిపించడమే చేస్తున్నారట. మొదట్లో నాకు ఇది మింగుడు పడలేదు. ఆపరేషన్ అంటే అయిపోవాలి కదా అనిపించేది. ఇప్పుడు ఎకో తేదీ దగ్గరపడితే కడుపులో తిప్పినట్టుంటుంది గానీ, ముందే పట్టుకుంటే చేయడానికి ఏదో ఒకటి ఉందన్న ధైర్యం కూడా ఉంది.

టీఏపీవీసీ ఆపరేషన్ అయిన పిల్లల అమ్మానాన్నలు ఎకోకి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. రిపోర్టులో "రిపేర్ బాగుంది" అన్న ఒక్క వాక్యంతో లేచి రాకండి. కుడి పై, కుడి కింది, ఎడమ పై, ఎడమ కింది, నాలుగు సిరలూ విడివిడిగా కనిపించాయా, ఒక్కోదాంట్లో వేగం ఎంత అని అడిగి రాయించుకోండి. ఒక సిర కనిపించకపోతే "కనిపించలేదు" అనే రాయమనండి, ఎందుకంటే దానికి సీటీ కావాలో వద్దో అప్పుడే తేలుతుంది. మా డాక్టర్లు ఎప్పుడూ అలాగే రాస్తారు, ఆ పాత అంకెలు పక్కన ఉండబట్టే రెండోసారి తేడా వెంటనే తెలిసింది. ఇంట్లో అయితే పిల్ల నిద్రపోతున్నప్పుడు ఊపిరి లెక్కపెట్టి, బరువుతోపాటు ఒక నోటుబుక్కులో రాసుకోండి. జ్వరం లేని దగ్గు, తగ్గని "నెమ్ము", పాలు తాగేటప్పుడు చెమట, నిలిచిపోయిన బరువు, వీటిలో ఏది కనిపించినా మీ గుండె డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఊళ్లో డాక్టర్ ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు.

మా పాపకు ఇప్పుడు నడక వచ్చింది. పరిగెత్తితే మిగతా పిల్లల కంటే ముందే ఆయాసపడి కూర్చుంటుంది, మళ్లీ లేస్తుంది. బరువు తక్కువే, కానీ బరువు చార్టులో గీత పైకే పోతోంది. కుడివైపు రెండు సిరలు, ఎడమ పై సిర తెరిచే ఉన్నాయి. ఎడమ కింది దాంట్లో వేగం బెలూన్ తర్వాత తగ్గి, పోయినసారి అలాగే నిలిచి ఉంది. వచ్చే నెల సీటీ ఉంది. సిరోలిమస్ కొనసాగించాలా, మెల్లగా ఆపి ఆ తట్టు టీకా వేయించాలా అన్నది అది చూశాక చెప్తామన్నారు.